గోడకి ఒక్క మేకు

ఆదెయ్య గారు ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు పెట్టే షరతు ఒక్కటే. గోడకి మేకు కొట్టకూడదు. నీళ్ళు ఎన్ని వాడుకున్నా, చుట్టాలు ఎందరొచ్చినా, పొద్దస్తమానం రేడియో మోగినా ఆయనకి పట్టింపు లేదు. మేకు మాటెత్తితే మాత్రం ఆయన మొహం మారిపోయేది. ఆ గోడలు కట్టేటప్పుడు పూటపూటా బిందెలతో నీళ్ళు కొట్టి తడిపింది తనేనని, ఆ గోడలో మేకు దిగితే తన వీపులో దిగినట్టే ఉంటుందని చెప్పేవారు.

గవర్రాజు మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేరిన ఏడాది ఆ ఇంట్లో దిగాడు. రిటైరైన తరవాత కూడా అందులోనే ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క మేకు కొట్టలేదు. క్యాలెండరు కిటికీ ఊచకి వేలాడేది. దేవుళ్ళందరూ అలమరలో ఒకరి వెనక ఒకరు నిలబడి ఉండేవారు. గోడగడియారం బల్లమీద వెల్లకిలా పడుకుని ఉండేది. టైము చూడాలంటే దానిమీదికి వంగి, నూతిలోకి తొంగిచూసినట్టు చూడాలి. పెళ్ళిఫొటో బీరువా మీద పడి ఉండడం వల్ల ఎవరికీ కనిపించేది కాదు. అందుకు అతని భార్య మంగతాయారు పెద్దగా బాధపడలేదు.

అటువంటి ఆదెయ్య గారు ఒక ఆదివారం పొద్దున్న చేతికర్ర తాటించుకుంటూ వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ అడిగి తాగి, ఆఖరికి అసలు మాట బయటపెట్టారు.

"మోకాళ్ళు పోయాయి గవర్రాజూ. రెండిళ్ళ బాగోగులు చూసుకోడం నావల్ల కావట్లేదు. రొయ్యల చెరువుల తాతాజీ అడుగుతున్నాడు. ఇచ్చేద్దామనుకుంటున్నాను."

"మంచిదండి," అన్నాడు గవర్రాజు.

"ఖాళీ చేయించి అప్పగించమంటున్నాడు. నెలాఖరుకి."

"అలాగేనండి."

ఆదెయ్య గారు ఇంకాసేపు కూర్చున్నారు. ఇతను ఏదో ఒకటి అడుగుతాడని ఆయన ఎదురుచూస్తున్నారు. అడిగితే ఒప్పుకుందామని కూడా మనసులో అనుకున్నారు. ఆ సంగతి గవర్రాజుకి ఆ వారం ఆఖర్న గాని తెలియలేదు. ఇతను ఏమీ అడక్కపోయేసరికి, అప్పుడే వేరే ఇల్లు చూసుకున్నట్టున్నాడని ఆయన కొంచెం నొచ్చుకుని వెళ్ళిపోయారు.

మంగతాయారు వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది.

"అడిగారా?" అంది.

"ఏమని?"

"అమ్మాయి పురిటికొస్తోంది, బారసాల అయ్యేదాకా ఆగండి అని."

"ఆయన ఇల్లు ఆయన అమ్ముకుంటున్నారు. మనం ఎలా అడుగుతాం?"

మంగతాయారు లోపలికెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది. కూతురు హైమ శుక్రవారం వస్తోంది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. పుట్టిల్లంటే ఆ పిల్లకి తెలిసిన ఇల్లు ఇదొక్కటే. పోనీ వేరే ఇల్లు చూసుకుందామంటే, పురుడు దగ్గరపడ్డ పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి ఆ ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వరు. వచ్చీ రాగానే మైలేమిటంటారు. అందుచేత గవర్రాజుకి కావలసింది మూడు నెలల నీడ. అంతకన్నా అతను ఆశపడలేదు. ఆశపడ్డ ఆ కాస్తా ఆదెయ్య గారిని నోరు తెరిచి అడగలేకపోయాడు.

సోమవారం అతను ప్రభుత్వాన్ని అడగడానికి వెళ్ళాడు. సాటి మనిషిని అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది. ప్రభుత్వం దగ్గర ఆ బాధ ఉండదు.

*

చింతలమెట్ట పట్నంలో అద్దెదారుల హక్కుల పరిరక్షణ మండలి కొత్తగా తెరిచారు. ఆఫీసు ఎరువుల కొట్టు పైన మేడమీద ఉంది. గవర్రాజు మెట్లెక్కి లోపలికి వెళ్ళేసరికి మండలి బోర్డు నేలమీద గోడకి చేరగిలబడి కనిపించింది. సందర్శకుల కుర్చీల్లో ఒకదానిలో మహానాయకుడి ఫొటో కూర్చుని ఉంది. గవర్రాజు దానికి దండం పెట్టి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మా ఓనరు గారు గోడకి మేకులు ఒప్పుకోరండి," అన్నారు పరిరక్షణాధికారి పరాంకుశం గారు, అతని చూపు గమనించి. "భవనం అద్దెది."

గవర్రాజుకి సొంతవాళ్ళ మధ్యకి వచ్చినట్టనిపించింది.

పరాంకుశం గారు ఒంటరిగా ఆ ఊళ్ళో ఉంటున్నారు. ఆఫీసు వెనక గదిలోనే మకాం. భార్యాబిడ్డలు జిల్లా కేంద్రంలో ఉన్నారు. "ట్రాన్స్‌ఫర్ ఇంకా రాలేదమ్మా, వస్తుంది," అని ఫోనులో ఎవరికో నచ్చజెప్పి పెట్టేసి, ఆయన గవర్రాజు వైపు తిరిగారు. ఇతను సంగతంతా చెప్పుకున్నాడు. విన్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. మండలి పెట్టాక వచ్చిన మొదటి అద్దెదారుడు ఇతనే.

"ఒక ఇల్లు అమ్ముడైనప్పుడు సదరు ఇంటిలో ఏవేవి ఉంటున్నాయి, ఏవేవి పోతున్నాయి అనే అంశంపై మండలి లోతైన అధ్యయనం జరిపియున్నది," అన్నారు ఆయన. "తలుపులు ఉంటున్నాయి. కిటికీలు ఉంటున్నాయి. నుయ్యి ఉంటోంది. కొబ్బరిచెట్లు ఉంటున్నాయి. పోతున్నది ఎవరయ్యా అంటే అద్దెదారుడొక్కడే. ఎందుచేత?"

"ఎందుచేతనండి?"

"అతను ఇంటిలో భాగం కాడు గనక. తలుపుని ఖాళీ చెయ్యమని ఎవరైనా నోటీసిచ్చారా? నూతిని నెలాఖరుకి వెళ్ళిపొమ్మన్నారా? దస్తావేజులో తలుపులు, కిటికీలు, నుయ్యి, చెట్లతో సహా అని రాస్తున్నాం గనక వాటి జోలికి ఎవరూ రావడం లేదు. తత్కారణముగా మండలి ఏకగ్రీవంగా తీర్మానించినదేమనగా, నూతికి తరవాత, చెట్లకి ముందు, అద్దెదారుణ్ణి చేర్చడమైనది. నేటినుంచి మీరు ఆ ఇంటి స్థిరభాగం. మిమ్మల్ని ఎవరూ కదల్చలేరు."

"బారసాల అయ్యేదాకా చాలండి," అన్నాడు గవర్రాజు వినయంగా.

"మండలి అరకొర రక్షణ ఇవ్వదండి," అన్నారు పరాంకుశం గారు.

*

మర్నాడే మండలి ఇంజనీరు సత్యానందం వచ్చాడు. చేతిలో టేపు, చంకలో రేకుబిళ్ళల డబ్బా. తలుపులకి ఒక్కొక్క బిళ్ళ తగిలించాడు, కిటికీలకి తగిలించాడు, నూతి గిలకకి తగిలించాడు. ఆ తరవాత గవర్రాజు దగ్గరికొచ్చాడు.

"మామూలుగా ఎక్కడుంటారండి?"

"ఈ మూల పడక్కుర్చీలోనండి. గాలొస్తుంది."

సత్యానందం టేపు పెట్టి రెండు గోడలనుంచీ దూరం కొలిచాడు. "స్థానం, ముందుగది, ఈశాన్యం మూల," అని పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. గవర్రాజు మెడలో బిళ్ళ వేశాడు. మంగతాయారుని వంటింట్లో రుబ్బురోలు దగ్గర కొలిచి ఆవిడ మెడలో కూడా ఒకటి వేశాడు. ఆవిడ మంగళసూత్రాల పక్కన దాన్ని సర్దుకుని, "తుప్పు పడుతుందా?" అని అడిగింది.

"పట్టదమ్మా. గాల్వనైజు చేసిందే."

తరవాత షరతులు చెప్పాడు. భాగాలు కాంపౌండు గోడ దాటకూడదు. తనిఖీకి వచ్చినప్పుడు ఎక్కడి బిళ్ళ అక్కడ కనిపించాలి. ఏ భాగమైనా లేదని తేలితే ఇల్లు దెబ్బతిన్నట్టు లెక్క. అప్పుడు మరమ్మతుల నిమిత్తం ఇంటికి సీలు వేస్తారు. లోపలున్నవాళ్ళు బయటికి పోవాలి.

"మనుషులు కనబడితే చాలదాండి?" అన్నాడు గవర్రాజు.

సత్యానందం జాలిగా నవ్వాడు. "మనిషిని చూసి సంతకం పెట్టడం ఇంజనీరింగు కాదండి. మనిషి లావెక్కుతాడు, గడ్డం పెంచుతాడు, ఒక్కోసారి అన్నదమ్ములు ఒకేలా ఉంటారు. నంబరు అలా కాదు. నేను నంబరే చూస్తాను."

శుక్రవారం హైమ వచ్చింది. శనివారం తనిఖీకి వచ్చిన సత్యానందం ఆ పిల్లని చూసి ఇబ్బందిలో పడ్డాడు. అద్దెదారు కాదు గనక బిళ్ళ వెయ్యడానికి లేదు. ఇంట్లో ఉంది గనక రాయకుండా వదలడానికి లేదు. చాలాసేపు ఆలోచించి, తాత్కాలికంగా నిలవ చేసిన సామగ్రి అని రాశాడు. ఆ పిల్ల పొట్టవైపు చూసి, పక్కన పని జరుగుతున్నది అని చేర్చాడు.

ఆ సాయంత్రం ఆదెయ్య గారు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. లోపలికి రాలేదు. ఆయన చేతిలో మండలి నోటీసు ఉంది.

"నన్నొక్క మాట అడగలేకపోయావా గవర్రాజూ," అన్నారు. "పురుడని చెబితే నేను ఆగనా? తాతాజీకి నేను చెప్పుకోనా?"

గవర్రాజు సిగ్గుతో తల వంచుకుంటే మెడలో బిళ్ళ ఊగి గుండీకి తగిలి చప్పుడు చేసింది. ఆ చప్పుడుకి ఆదెయ్య గారు మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు.

*

రొయ్యల చెరువుల తాతాజీ అంత తేలిగ్గా వెనక్కి తగ్గే మనిషి కాడు. భాగాలతో సహా కొంటానన్నాడు. వాస్తు చూడడానికి సిద్ధాంతిని కారులో వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ గుమ్మాలు చూశారు, నుయ్యి చూశారు, కొబ్బరిచెట్లు చూశారు. ముందుగదిలోకి వచ్చి పడక్కుర్చీ ముందు నిలబడ్డారు. గవర్రాజు లేచి నమస్కారం పెట్టబోయి, స్థానం తప్పుతుందేమోనని కూర్చునే పెట్టాడు.

"ఇదేంటండి?" అన్నాడు సిద్ధాంతి.

"ఇంటితో పాటే వస్తారంటండి," అన్నాడు తాతాజీ.

సిద్ధాంతి గవర్రాజు బొజ్జని పైనుంచి కిందకీ, పక్కనుంచీ చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "ఈశాన్యంలో బరువుండకూడదు. దీన్ని నైరుతికి మార్పించండి. అప్పుడు ఇల్లు దివ్యంగా ఉంటుంది."

తాతాజీ అక్కణ్ణుంచే మండలికి ఫోను చేశాడు. స్థిరభాగాన్ని ఒక మూలనుంచి ఇంకో మూలకి మార్చడం ఇంటి నిర్మాణంలో మార్పు కిందికి వస్తుందని, అందుకు పట్నప్రణాళిక అనుమతి తెచ్చుకోవాలని, ఇంతవరకూ అటువంటి అనుమతి ఎవరూ అడగనందున ఇచ్చే పద్ధతి ఇంకా ఖరారు కాలేదని పరాంకుశం గారు సెలవిచ్చారు. తాతాజీ ఫోను జేబులో పెట్టుకుని గవర్రాజుకేసి బాధగా చూశాడు.

"పోనీ కొంచెం తగ్గగలరాండి?" అని అడిగాడు.

"ప్రయత్నిస్తానండి," అన్నాడు గవర్రాజు.

బేరం తప్పిపోయింది. ఆదెయ్య గారు మోకాళ్ళు పట్టుకుని ఎరువుల కొట్టు మెట్లెక్కి, తాను ఇల్లు అమ్మడం మానుకున్నానని, ఆ పిచ్చివాణ్ణి వదిలెయ్యమని పరాంకుశం గారితో చెప్పారు. ఆయన శాంతంగా విన్నారు.

"మీరు అమ్మడం మానుకున్నంత మాత్రాన తలుపు తలుపు కాకుండా పోతుందాండి? ఒకసారి ఇంటిలో భాగమయ్యాక అంతే. హక్కు అనేది రెండువైపులా పదునున్నదండి. అద్దెదారుణ్ణి మీరూ తీసెయ్యలేరు, అతనూ తనని తాను తీసెయ్యలేడు. అదే దీని గొప్పతనం."

*

నెలలు నిండకుండానే హైమకి నొప్పులొచ్చాయి. మిట్టమధ్యాహ్నం, కంచంలో అన్నం సగం ఉండగా ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడిపోయింది. అల్లుడు ఎక్కడో సైటు మీద ఉన్నాడు. రేపటికి గాని రాలేడు. గవర్రాజు మండలికి ఫోను చేశాడు.

"సార్, మా అమ్మాయికి నొప్పులండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. నేనూ మా ఆవిడా వెళ్ళొస్తాం సార్."

"తప్పకుండా. నిబంధనల్లో వెసులుబాటు ఉంది," అన్నారు పరాంకుశం గారు ఆప్యాయంగా. "భాగాన్ని మరమ్మతు కోసం తాత్కాలికంగా వేరుచేయవచ్చు. తలుపుని ఊడదీసి వడ్రంగి దగ్గరికి పంపుతాం కదా. కాకపోతే గోడని పంపం. మీరు తలుపు కోవకి వస్తారా, గోడ కోవకి వస్తారా అన్నది ఇంజనీరు తేల్చాలి. సత్యానందం సెలవులో ఉన్నాడు. గురువారం వస్తాడు."

"ఇవాళ సోమవారమండి."

"అవునండి. దగ్గర్లోనే ఉంది గురువారం."

గవర్రాజు ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. ఈలోగా మంగతాయారు చీర మార్చుకుంది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోసింది. పాత చీరలు మడతపెట్టి సంచీలో కుక్కింది. మెడలోంచి బిళ్ళ తీసి రుబ్బురోలు చుట్టూ గట్టిగా రెండు ముళ్ళేసి కట్టింది. హైమ భుజం చుట్టూ చెయ్యి వేసి, గేటు దాటి, ఆటో ఎక్కింది.

"ఏమే, అనుమతి," అన్నాడు గవర్రాజు గేటు లోపల్నుంచి.

"నేను తలుపునని చెప్పండి," అంది ఆవిడ, ఆటో కదులుతుండగా.

గురువారం సత్యానందం వచ్చాడు. నూతి దగ్గర బిళ్ళ చూసి టిక్కు పెట్టాడు. వంటింట్లోకి వెళ్ళాడు. గవర్రాజు పడక్కుర్చీలోంచే మెడ చాచి చూశాడు. సత్యానందం రుబ్బురోలు ముందు వంగి, నంబరు చదివి, టిక్కు పెట్టాడు.

"మీ ఆవిడ గారి భాగం చాలా బాగా ఉంచారండి. శుభ్రంగా ఉంది," అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

*

ఆడపిల్ల పుట్టింది. పావుసేరు మనిషి. ఊపిరి సరిగా అందడం లేదని అద్దాలపెట్టెలో పెట్టారు. ఎప్పుడు బయటికి తీస్తారో, అసలు తీస్తారో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. మంగతాయారు ఫోనులో ఫొటో పంపింది. అందులో అద్దం మీద ట్యూబులైటు మెరుపు, ఒక తెల్లగుడ్డ తప్ప గవర్రాజుకి ఏమీ కనిపించలేదు. దాన్నే పొద్దున్నా సాయంత్రం పెద్దది చేసి చూసుకునేవాడు.

అతనికి ఏడుపొచ్చేది. మనవరాలు బతుకుతుందో లేదో తెలియదు. ఉన్నన్నాళ్ళైనా కళ్ళతో చూడలేకపోతున్నాడు. కాలు బయటపెడితే ఇంటికి సీలు పడుతుంది. పిల్లా తల్లీ తిరిగి రావడానికి ఇల్లుండదు. అన్నీ తెలిసిన మనిషి కనక ధైర్యం చెయ్యలేకపోయాడు. ఒకసారి మాత్రం బిళ్ళ పడక్కుర్చీకి తగిలించి, గేటు దాకా వెళ్ళి చూశాడు. ఆ పూటే సత్యానందం వచ్చాడు. కుర్చీ చరాస్తి అని, స్థిరభాగం నంబరు చరాస్తి మీద చెల్లదని, ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నానని చెప్పి బిళ్ళ మళ్ళీ అతని మెడలో వేశాడు. రుబ్బురోలుకి ఆ బాధ లేదు. అది నేలలోకి పాతి ఉంది. ఈశాన్యం మూల నేలలోకి పాతినది ఏదీ లేదు. ఉన్నది ఒట్టి గోడ. గోడకి బిళ్ళ తగిలించాలంటే మేకుండాలి.

ఆదెయ్య గారు రోజూ సాయంత్రం ఆ వీధిలోంచే గుడికి వెళ్తారు. గేటు వైపు చూడకుండా వెళ్తారు. ఆ రోజు చూశారు. గవర్రాజు గేటు చువ్వలు పట్టుకుని, చెంపలు తుడుచుకోకుండా నిలబడి ఉన్నాడు.

"పిల్ల ఎలా ఉంది?" అన్నారు ఆదెయ్య గారు.

"నేను చూళ్ళేదండి," అన్నాడు గవర్రాజు. అది అంటూనే అతనికి దుఃఖం ఆగలేదు. కుర్చీ సంగతీ, రుబ్బురోలు సంగతీ, మేకు సంగతీ ఏడుపులోనే చెప్పేశాడు.

ఆదెయ్య గారు ఆ పూట గుడికి వెళ్ళలేదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని వచ్చారు. ముందుగదిలోకి వెళ్ళి ఈశాన్యం మూల నిలబడ్డారు. అరచేత్తో గోడ నిమిరారు. జేబులోంచి కాయితం పొట్లం విప్పి ఒక మేకు బయటికి తీశారు.

"నేను కొడతానండి," అన్నాడు గవర్రాజు.

"వద్దు. నా గోడ. నేనే కొట్టుకుంటాను."

మొదటి దెబ్బకి అరచెయ్యంత పెచ్చు ఊడి కిందపడింది. ఆదెయ్య గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కళ్ళు మూసుకునే రెండో దెబ్బ వేశారు, మూడోది వేశారు. మేకు దిగింది.

"గోడ పాడైపోయిందండి," అన్నాడు గవర్రాజు, బాధగా.

"సున్నం పూస్తే పోతుంది. తగిలించు. ఆటో గుమ్మంలో ఉంది."

గవర్రాజు మెడలోంచి బిళ్ళ తీసి మేకుకి తగిలించాడు. గేటు దాటేటప్పుడు కాళ్ళు తడబడ్డాయి. ఆదెయ్య గారు చెయ్యి పట్టుకున్నారు. మోకాళ్ళు లేని మనిషి, నడక మరిచిపోయిన మనిషి, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఆటో ఎక్కారు.

అద్దాలపెట్టెలో మనవరాలు గుప్పిళ్ళు బిగించుకుని పడుకుని ఉంది. గవర్రాజు చాలాసేపు చూశాడు. ఆ పిల్ల కాలికి ఒక ప్లాస్టిక్ పట్టీ, దానిమీద నంబరు కనిపించేసరికి అతను కంగారుపడిపోయి నర్సుని పిలిచాడు.

"ఇదేంటమ్మా?"

"పిల్లలు మారిపోకుండా వేస్తామండి. ఇంటికెళ్ళేటప్పుడు కత్తిరించేస్తాం," అంది నర్సు.

గవర్రాజు ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు.

*

పిల్ల నిలబడింది. ఒళ్ళు చేసింది. పట్టీ కత్తిరించి ఇంటికి పంపారు. బారసాలకి ముహూర్తం పెట్టుకున్నారు. ముహూర్తం ముందురోజు మండలి నుంచి గవర్రాజుకి పిలుపొచ్చింది. తనిఖీకి వెళ్ళిన ప్రతిసారీ ఈశాన్యం మూల నంబరు వెంట్రుకవాసి కదలకుండా ఉన్నందుకు అతన్ని ఆదర్శ స్థిరభాగంగా ఎంపిక చేయడమైనదట. ఇల్లు కదలని అద్దెదారుడిగా సన్మానం అందుకోవడానికి స్వయంగా ఆఫీసుకి రావలెనట.

గవర్రాజు బిళ్ళ మేకుకి ఉందో లేదో చూసుకుని బయల్దేరాడు.

మేడమీద ఆఫీసులో సన్మానం సందడి ఏమీ లేదు. శాలువా బల్లమీద మడత విప్పకుండా ఉంది. పక్కన ఇంకో కాయితం ఉంది. పరాంకుశం గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆయన మెడలో రేకుబిళ్ళ వేలాడుతోంది. సత్యానందం టేపు చుట్టుకుంటున్నాడు.

"ఏమైందండి?" అన్నాడు గవర్రాజు.

"ఈ భవనం అమ్మేశారండి," అన్నాడు సత్యానందం. "తాతాజీ గారు కొన్నారు. వాస్తు బ్రహ్మాండంగా కుదిరిందట. మండలి ఇందులో అద్దెకుంది కదా, సారు వెనక గదిలో కాపరముంటున్నారు కదా. నిబంధన అందరికీ ఒకటేనండి. నైరుతి మూల కొలిచాను."

"సారుకి ట్రాన్స్‌ఫర్ రాలేదాండి మరి?"

పరాంకుశం గారు బల్లమీది కాయితం వైపు చూశారు. "వచ్చిందండి. నిన్ననే. మా ఊరికే."

"తలుపుకి ట్రాన్స్‌ఫరొస్తే తలుపు వెళ్ళిపోతుందాండి?" అన్నాడు సత్యానందం. తన చదువు తనకి అక్కరకొచ్చిన తృప్తి అతని గొంతులో వినిపించింది. సంతకం పెట్టించుకుని డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

 పరాంకుశం గారి ఫోను మోగింది. ఆయన ఎత్తలేదు. అది ఆగిపోయాక ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"గవర్రాజు గారూ. మీరెలా వచ్చారండి?"

గవర్రాజుకి ఆయన మీద కోపం రావాలి. వస్తుందనే అనుకున్నాడు. ఆ మెడలో బిళ్ళ చూశాక రాలేదు.

"బిళ్ళ మేకుకి తగిలించి వచ్చానండి. సత్యానందం గారు నంబరే చూస్తారు."

పరాంకుశం గారు తల తిప్పి నైరుతి మూల చూశారు. ఆ తరవాత నాలుగు గోడలూ చూశారు. తెల్లగా, నున్నగా ఉన్నాయి. బోర్డు నేలమీదే ఉంది. మహానాయకుడు కుర్చీలోనే ఉన్నారు.

"ఇక్కడ మేకులు కొట్టనివ్వరండి," అన్నారు. "పాత ఓనరు వద్దనేవారు. కొత్తాయన సిద్ధాంతి గోడల్లో ఇనుమే వద్దన్నాడట."

"ఒక్కసారి అడిగి చూడండి సార్. నేనూ ఇన్నేళ్ళు అడగలేదు. తీరా సంగతి తెలిశాక మా ఆదెయ్య గారే వచ్చి కొట్టారు."

"అడగాలంటే ఆయన ఇంటికి వెళ్ళాలి కదండి," అన్నారు పరాంకుశం గారు. కొంచెం ఆగి, "ఫోనులో అడగొచ్చనుకోండి. అయితే మండలి అధికారి ఓనరుని బతిమాలినట్టవుతుంది. పద్ధతి కాదు," అన్నారు.

గవర్రాజు శాలువా తనే తీసుకుని భుజాన వేసుకున్నాడు. "రేపు మా మనవరాలి బారసాలండి. తప్పకుండా రండి," అన్నాడు అలవాటుకొద్దీ, అని నాలుక కరుచుకున్నాడు.

"చూస్తానండి," అన్నారు పరాంకుశం గారు.

*

బారసాలకి వీధి వీధంతా వచ్చింది. ఆదెయ్య గారు అందరికంటే ముందొచ్చి, ఎవరూ చూడకుండా పెచ్చు ఊడినచోట వేలితో తడిమి, ఉయ్యాల పక్కన కూర్చున్నారు. సత్యానందం కూడా వచ్చి కడుపునిండా తిన్నాడు. పరాంకుశం గారు రాలేదు. పులిహోర, బూరెలు క్యారియరులో సర్ది మంగతాయారు ఆయనకి పంపించింది. ఖాళీ క్యారియరు తిరిగొచ్చింది గాని ఆయన ఏమీ కబురు పంపలేదు.

పిల్లని ఎత్తుకుని హైమ అత్తారింటికి వెళ్ళాక, ఆదెయ్య గారు ఇల్లు వేరే ఎవరికో అమ్ముకున్నారు. ఈసారి గవర్రాజుతో చెప్పి, గవర్రాజుని అడిగి అమ్ముకున్నారు. బిళ్ళలు రెండూ ఎక్కడివక్కడే ఉంచి వీళ్ళు ఖాళీ చేశారు. సత్యానందం ఇప్పటికీ నెలనెలా ఆ ఇంటికి వెళ్ళి, భాగాలు యథాస్థానంలో ఉన్నవని రాసుకుంటున్నాడు.

వీళ్ళు చూసుకున్న కొత్త ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. ఓనరమ్మ గదులు చూపించింది, పంపు విప్పి నీళ్ళు చూపించింది, కరెంటు మీటరు విడిగా ఉందని చెప్పింది. మంగతాయారు వాటిలో దేన్ని గురించీ అడగలేదు. ముందుగదిలోకి వచ్చి, భర్త వెనక్కి లాగుతున్నా వినకుండా, ఒక్క మాట అడిగింది.

"ఈ మూల ఒక్క మేకు కొట్టుకోనిస్తారాండి? ఒప్పుకుంటే దిగుతాం."